ఆస్పత్రి పాపాయమ్మ మాట

నరసాపురం కాలవ మీద, పడవల్ని ఎత్తుకూ పల్లానికీ దాటించే లాకుల దగ్గర ఒక చిన్న సర్కారు ఆస్పత్రి ఉండేది. రెండు గదులు, కాసిని మంచాలు, ముందు ఒక వసారా. రైలు ఇంకా ఆ పక్కకు రాని రోజులవి. ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా పడవే దిక్కు. లాకులు తీసి మూసే లస్కరు వీరాస్వామి. అతని భార్య పాపాయమ్మ. ఊళ్లో పాపాయమ్మలు చాలామంది ఉన్నారు గనక ఈవిడను ఆస్పత్రి పాపాయమ్మ అనేవారు. ఆవిడేమీ ఆస్పత్రిలో నౌకరు కాదు. ఆస్పత్రిని పొగడడమే ఆవిడ పని, అదీ జీతం బత్తెం లేకుండా.

దానికో కారణం ఉంది. ఒకసారి కాలవలో గుడ్డలు ఉతుకుతుంటే జెల్లచేప ముల్లు అరికాల్లో దిగింది. కాలు వాచి కుండంత అయింది. పసర్లూ మంత్రాలూ అన్నీ అయ్యాక, ఇక దక్కదనుకున్న మనిషిని తెచ్చి ఆస్పత్రిలో పడేశారు. అప్పుడున్న ముసలి డాక్టరు ఒట్టి చాదస్తుడు. కత్తిని కాగే నీళ్లలో వేయందే ముట్టడు, ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి వెళ్లాలంటే మోచేతుల దాకా కడగాల్సిందే. వసారా ఎక్కితే చాలు, మందు వాసనకు ముక్కు పగిలిపోయేది. ఆయన ఆ కాలు కోసి, చీము తీసి, పాపాయమ్మను మళ్లీ నడిపించాడు. ఆ ఏడు రాజమండ్రి నుంచి పెద్ద డాక్టరు దొర తనిఖీకి వస్తే ఆవిడను పిలిచి కాలు చూపించమన్నారు. చూపించి ఊరుకుంటే పాపాయమ్మ ఎందుకవుతుంది?

"ఇది ఆస్పత్రి కాదండి దొరగారూ, నా పుట్టిల్లండి! మా అమ్మయినా ఇంత బాగా చూడదండి," అంది చేతులు జోడించి.

దొర ముచ్చటపడి నవ్వాడు. అప్పటినుంచి ఏటా తనిఖీ అనగానే ఆవిడకు కబురు వచ్చేది. ఉతికిన చీర కట్టుకుని వెళ్లడం, కాలు చూపించడం, అదే మాట అనడం. మధ్యలో ముసలి డాక్టరు పెన్షను పుచ్చుకుని వెళ్లిపోయాడు, చంద్రరావు గారని కొత్త డాక్టరు వచ్చాడు. కాలు బాగుచేసిన చెయ్యి వేరు, ఇప్పుడు అక్కడున్న చెయ్యి వేరు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తట్టలేదు, అసలు పాపాయమ్మకే తట్టలేదు. ఎవరికి పుండు లేచినా, ఎవరి వేలు తెగినా ముందు ఈవిడ కాలు చూసి, ఆ తర్వాత ఆస్పత్రి గుమ్మం ఎక్కేవారు.

చంద్రరావు గారు మనిషి దర్జా. మాట మెత్తన. వస్తూనే గోడలకు సున్నం వేయించాడు, ఆ ఘాటు మందు వాసన లేకుండా చేశాడు, అందరూ సంతోషించారు. గాయాలు కడిగే పని చిట్టియ్య అనే నౌకరుకు అప్పగించి తను వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చిట్టియ్య ఒకటే పళ్లెం, ఒకటే గుడ్డ పట్టుకుని, ఈ చివర మంచం నుంచి ఆ చివర మంచం దాకా అందరి పుండ్లూ తుడుచుకుంటూ పోయేవాడు. పాపం, అతనికి ఎవరూ వేరే చెప్పలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఆస్పత్రికి ఏదో పట్టుకుంది. మోకాలి మీద సెగ్గడ్డతో నడుచుకుంటూ వెళ్లిన ముసలయ్య అనే అతన్ని నలుగురు శవంగా మోసుకుని తెచ్చారు. కొబ్బరిచెట్టు మీంచి పడి మోచెయ్యి గీసుకుపోయిన కుర్రాడు జ్వరంతో కలవరిస్తూ పోయాడు. చిన్న దెబ్బతో వెళ్లిన వాళ్లే పోతున్నారు. గదిలోకి వెళితే ఒక తియ్యటి కుళ్లు వాసన. ముసలయ్య భార్య దీనమ్మ, కిరస్తానీ మిషను గుడికి వెళ్లే కూలి మనిషి, ఒకరోజు కాలవగట్టు మీద పాపాయమ్మకు ఎదురుపడింది.

"నువ్వు చెప్పావనే పంపానమ్మా," అంది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ ఒక్క మాట అని తన దారిన తను పోయింది.

పాపాయమ్మకు ఒళ్లు మండింది. రోగం ముదరబెట్టుకుని వెళితే డాక్టరేం చేస్తాడని ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది. వీరాస్వామి లాంతరు చిమ్నీ తుడుచుకుంటూ విన్నాడు. అతను అసలే మాటల మనిషి కాడు. కానీ ఆ రాత్రి పాపాయమ్మకు అన్నం సయించలేదు.

అయినా ఆవిడకు బుద్ధి రాలేదు. వారం తిరక్కుండా కూతురు బుల్లెమ్మకు గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి అరచెయ్యి తెగింది. ఇంత పసుపు అద్ది కట్టు కట్టుకుంటే పోయేది. ఊరందరినీ ఆస్పత్రికి పంపిన మనిషి సొంత కూతుర్ని ఇంట్లో ఉంచుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి వచ్చింది. మూడో నాటికి చెయ్యి ఉబ్బింది, వేళ్లు ముడుచుకోలేదు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

సరిగ్గా అప్పుడే తనిఖీ అన్నారు. చంద్రరావు గారు పాపాయమ్మను పక్కకు పిలిచాడు.

"చూడు పాపాయమ్మా, దొరగారొచ్చి వెళ్లేదాకా బాగోని వాళ్లని ఇక్కణ్ణుంచి తీసేస్తున్నాం. ఒక్క పూట. మీ అమ్మాయిని లాకుల దగ్గర మీ ఆయన సామాన్ల కొట్టులో పడుకోబెట్టు. దొరగారు వెళ్లగానే నేనే స్వయంగా చెయ్యి చూస్తా. నువ్వు మాత్రం ఎప్పట్లాగే చెప్పాలి సుమా. ఏదైనా తేడా వస్తే నేనుండను ఇక్కడ. అప్పుడు మీ అమ్మాయిని ఎవరు చూస్తారో నువ్వే ఆలోచించుకో."

ఈ మనిషి తప్ప తన పిల్లకు గతి లేదనుకుంది పాపాయమ్మ. సరేనండి అంది.

మర్నాడు ఆస్పత్రిని చూస్తే పెళ్లివారి విడిదిలా ఉంది. తెల్లటి దుప్పట్లు. మంచాల మీద డాక్టరుగారి వంటవాడు, కరణంగారి పాలేరు, ఇంకా ఇలాంటి రాళ్లు తిని అరిగించుకునే మనుషులు మూలుగుతూ పడుకున్నారు. దొర ఒక్కొక్కరినీ చూసుకుంటూ వసారాలోకి వచ్చి పాపాయమ్మ ఎదుట నిలబడ్డాడు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు ఆయనది.

"అమ్మా, ఈ వైద్యశాలలో జనులకు శ్రద్ధగా చికిత్స జరుగుచున్నదా?"

చెప్పేస్తే? కొట్టు ఇక్కడికి పిలుపు దూరం. నా పిల్ల అక్కడుందండి అంటే సరిపోతుంది. పాపాయమ్మ నోరు తెరిచింది. దొర వెనక నిలబడి చంద్రరావు గారు చిన్నగా నవ్వుతున్నాడు. ఇన్నేళ్లుగా అరిగిపోయిన మాటే నోట్లోంచి జారింది.

"ఇది ఆస్పత్రి కాదండి, నా పుట్టిల్లండి."

దొర తల ఊపి ముందుకు నడిచాడు.

ఆవిడ కొట్టు దగ్గరికి పరుగెత్తింది. బుల్లెమ్మ తల్లిని గుర్తు పట్టలేదు. అరచేతి నుంచి ఒక ఎర్రటి చార మోచెయ్యి దాటి చంక దాకా పాకింది. వేలి కొసలు నల్లబడ్డాయి. వీరాస్వామి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కింది కాలవ నుంచి దొర పడవ లాకులోకి వస్తోంది, అతను వెళ్లి వెనక గేట్లు మూయాలి. వెళ్లాడు, మూశాడు. పడవ లోతైన రాతి గోడల మధ్య చిక్కుకుని నిలబడింది. ఇక తూము ఎత్తితే పై కాలవ నీళ్లు నిండి పడవ పైకి లేవాలి. వీరాస్వామి తూము ఎత్తే లోపలే పాపాయమ్మ గోడ అంచుకు వచ్చి కిందికి వంగి కేక వేసింది.

"దొరగారండీ! నా పిల్ల చచ్చిపోతోందండీ! ఆస్పత్రిలో చెయ్యి కుళ్లబెట్టి ఇక్కడ దాచారండీ!"

పై ఊరి దాకా సాగనంపడానికి చంద్రరావు గారూ పడవలోనే ఉన్నాడు. ఇంగ్లీషులో ఏదో గబగబా చెప్పాడు. చంద్రరావు గారు వెంట రాగా దొర గోడకున్న మెట్లెక్కి కొట్టులోకి వచ్చి బుల్లెమ్మ చెయ్యి చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"నాటు పసర్లు వేసి ఇట్లు చేసితిరి కదా?"

"లేదండి! అంతా ఆస్పత్రిలోనే అయిందండి."

"ఇందాక నీవే కదా పుట్టిల్లు అంటివి?"

"అన్నానండి. అబద్ధమండి."

"ఏది అబద్ధము? అప్పటి మాటా, ఇప్పటి మాటా?"

పాపాయమ్మ ఏ మాటను నమ్మమంటుంది? దొర పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, చంద్రరావు గారి వైపు తిరిగి, వెంటనే ఆస్పత్రికి మోయించి చెయ్యి కోసి కట్టు కట్టమని ఆజ్ఞ వేశాడు. అంత మంచి వైద్యశాల పక్కనే ఉండగా ఇంత ఆలస్యం చేసినందుకు తల్లిని మందలించి, పడవలోకి దిగిపోయాడు. చిట్టియ్యా ఇంకొకడూ మంచం పట్టుకురావడానికి వెళ్లారు.

"తూము ఎత్తవోయ్," అని పడవ సరంగు కేక పెట్టాడు.

వీరాస్వామి తూము తిప్పే ఇనప కడ్డీని తీసి ఒళ్లో పెట్టుకుని గేటు దూలం మీద కూర్చున్నాడు.

"మా అమ్మాయిని పడవెక్కించుకుంటేనే ఎత్తుతానండి," అన్నాడు. "రాజమండ్రి పెద్దాస్పత్రికండి. ఇక్కడికి మాత్రం పంపనండి."

"నీ ఉద్యోగం ఊడిపోద్దిరా!" అని అరిచాడు చంద్రరావు గారు. ఆ మెత్తదనం అంతా ఎటు పోయిందో.

"ఊడనివ్వండి."

ఆ నెలలోనే ఊడింది కూడా. దొర కోపంతో ఎర్రబడ్డాడు, బెత్తం ఎత్తాడు, ఇంగ్లీషులో తిట్టాడు. ముందూ వెనకా గేట్లు, పక్కన నిలువెత్తు గోడలు, పడవ ఎక్కడికీ కదలడానికి లేదు. చంద్రరావు గారి నుదుటి మీద చెమట పట్టడం ఆయనకు అప్పుడే కనబడిందో ఏమో, చాలాసేపు అతన్నే చూశాడు. చివరికి పిల్లను పడవలోకి దించమని సైగ చేశాడు.

తూము లేచింది. నీళ్లు హోరుమని లోపలికి దూకాయి. పడవ మెల్లగా పైకి వచ్చి, పై గేట్లు దాటి, చీకటి పడుతున్న కాలవలోకి సాగింది. పాపాయమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకుని అడుగుచెక్క మీద కూర్చుంది. చాలా దూరం పోయాక బుల్లెమ్మ కళ్లు తెరిచింది.

"అమ్మా, ఎక్కడికే?"

"రాజమండ్రి ఆస్పత్రికమ్మా."

"అక్కడ బాగా చూస్తారా?"

"నాకు తెలీదే బుల్లీ," అంది పాపాయమ్మ.