శ్రీలత టీచర్ రెండు గంపలు

కేసముద్రం పక్కన మా ఊరి బడిలో రెండో తరగతికి చెప్పే శ్రీలత టీచర్‌కు పుస్తకాలంటే పిచ్చి. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు దయ్యాల కథలు విని జడుసుకుంటున్నారని తల్లులు మొత్తుకుంటే, తరగతిలో రెండు గంపలు పెట్టింది. ఒకటి కథలకు, ఒకటి నిజాలకు. మాట్లాడే నక్క పుస్తకం కథల గంపలోకి పోయింది. వానపాము ఎలా బతుకుతుందో చెప్పేది నిజాల గంపలోకి. సబ్బు కాగితం, బిస్కెట్ల పొట్లం కూడా అందులోనే వేయించింది.

"లోపల ఏమున్నదో పైన రాస్తరు. గది నిజం. ఇంట్ల ఏం దొరికినా చదివి రాండ్రి," అంది.

మర్నాడు ముత్తయ్య పెద్దబిడ్డ షారోన్ అందరికన్నా ముందు చెయ్యెత్తింది.

"టీచర్, మా గూట్లె సీసా ఉన్నది. మామిడి రసం అని రాసున్నది. నిజాల గంప!"

"శభాష్! ఎవరు తెచ్చిండ్రు?"

"నాయిన. పత్తి చేన్లకు తీస్కపోతడు. పాల లెక్క తెల్లగుంటది."

టీచర్ నవ్వు ఆగిపోయింది.

అది పత్తికి పురుగుమందు కొట్టే కాలం. పెద్ద డబ్బా మోయడం బరువని మా వాళ్లు మందును ఖాళీ రసం సీసాల్లో పోసుకుంటారు. వద్దంటే "ఏమైతది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

"తాగినవా బిడ్డా?"

"లే టీచర్. చెల్లెకు చదివి చెప్పిన. గప్పటిసంది తాగుతనని ఏడుస్తున్నది."

"ఇంట్ల ఎవరున్నరు?"

"నాయినమ్మ. నిద్రపోతది."

తల్లి మణెమ్మ కూలికి పోయింది. టీచర్ ఫోన్ చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. షారోన్‌ను వెంటబెట్టుకుని టీచర్ వీధి వెంట పరుగెత్తింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. గూడు ఖాళీగా ఉంది. దాని కింద పీట వేసి ఉంది.

చెల్లె పెరట్లో కూర్చుని, సీసా ఒళ్లో పెట్టుకుని మూతను పళ్లతో కొరుకుతోంది. టీచర్ సీసా లాగేసి, పిల్ల నోరు కడిగి దవాఖానకు తీసుకుపోయింది. మూత రాలేదు కాబట్టి బతికింది, అంతే.

సాయంత్రం ముత్తయ్య వచ్చాడు.

"మూత గట్టిగనే పెట్టిన టీచరమ్మా. ఏమైతది?"

"నీ బిడ్డకు చదువొచ్చిందన్నా. గదైతది!"

షారోన్ మెల్లగా అడిగింది.

"టీచర్, గా సీసా మీద రాసింది కథనా?"

"కాదు బిడ్డా. కథైతే, నేను కథనని ముందే చెప్తది. గిది అబద్ధం."

అబద్ధాల సంగతి పిల్లలకు చెప్పనే లేదని ఆమెకు అప్పుడు తట్టింది. మర్నాడు గంపలు పక్కకు జరిపి, జరిగింది చెప్పి, అడిగింది.

"మీ ఇండ్లల్ల గిట్లాంటి సీసా ఎవరికున్నది?"

నిజం తెలిసిన సంబరంతో పిల్లలు గబగబా చేతులెత్తారు. ఎత్తని వాళ్ల కోసం ఆమె తరగతంతా వెతికింది.