డబ్బా ముఖాన పెట్టిన కుంకుమ

మిస్త్రీ పోయినాడు. మంగళవారం తెలిసింది. ఈ పొద్దు గురువారం. ఇంకా ఆ మాట నా నోటికి అలవాటు కాలేదు.

పుంగనూరు సంతలో వ్యాను నిలిపి ఎర్రగడ్డలు తరుగుతా ఉంటే ఫోను మోగింది. మదనపల్లెలో మోటర్లు, మిక్సీలు బాగుచేసే మిస్త్రీ అంగడి పక్కన టీ కాసేటతను. “అవ్వా, మిస్త్రీ లేడు” అన్నాడు.

“లేకపోతే ఏమప్పా, సామాన్లకి బెంగళూరు పోయుంటాడు. గురువారం రమ్మన్నాడు నన్ను. అంతలోకి వస్తాడులే.”

“తెల్లారి నమాజు చేసి వచ్చి కుర్చీలో కూసున్నాడంట అవ్వా. అట్నే పోయినాడు.”

నేను కత్తి కింద పెట్టలేదు. చేతిలో ఎర్రగడ్డ అయ్యేదాకా తరిగినాను. ఆ తర్వాత ఇంకోటి తీసుకొని తరిగినాను. ముందురోజు సాయంత్రమే కదా నాతో నవ్వతా మాట్లాడినాడు! ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉండాది, మనిషి లేడంటే ఎట్ల నమ్మేది?

నాకు అక్షరం రాదు. నేను చెప్తాండాను, మా కోడలు రాస్తాండాది. చదివేవాళ్ళు ఒకటి తెలుసుకోండి. ఆయప్ప మీద ఒక నింద ఉండాది. దాన్ని మోసుకునే మట్టిలోకి పోయినాడు. దించాల్సింది నేను.

మాది రామసముద్రం పక్క పల్లె. మొగుడు పోయినాక పాత వ్యాను ఒకటి తీసుకొని, వెనక వంటకి గట్టు, పడకకి బల్ల చేయించుకున్నాను. మా తమ్ముడు తోలతాడు, నేను సంగటి కెలికి అమ్ముతాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, యాడ సంతైతే ఆడ మా బండి. పండుకునేది కూడా దాంట్లోనే. నా కొడుక్కి ఇది గిట్టదు. “ముసల్దానివి, ఇంట్లో కూసో. దాన్ని అమ్మేస్తా” అని సందు కోసం కాసుకోని ఉండాడు.

ఆ వ్యానుకి ప్రాణం బల్ల కింద ఉండే ఇనప డబ్బా. కన్వర్టర్ అంటారు. సంతలో ఎవురినైనా అడిగి వైరు తగిలిస్తే, ఆ కరెంటుని బ్యాటరీకి తగినట్టు మార్చి ఇస్తాది. లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిడ్జి అన్నీ దాని మీదే. పెట్టింది మిస్త్రీ.

ఆయప్ప పని చేస్తా ఉంటే చూడాల. టీ రాగానే కప్పు పక్కన పెట్టి సాసరు లాక్కుంటాడు. విప్పిన మరలన్నీ దాంట్లోకే, విప్పిన వరసలోనే. “సాసరు మరలకి, కప్పు మనిషికి” అంటాడు. నాకంటే పదేండ్లే చిన్న, అయినా నోరారా అమ్మా అంటాడు. వైర్లు పీకినాక వెంటనే డబ్బాలో చెయ్యి పెట్టడు. యాల ఆగినావు అని నేను కసిరితే, “కరెంటు తీసేసినా లోపల కోపం కొంచేపు ఉంటాదమ్మా, నీ మాదిరి” అనేవాడు.

డబ్బా పెట్టిన ఏడాదే ఆయుధపూజ వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాను, స్టీరింగుకి బంతిపూలు కట్టినాను. అన్నిటికన్నా నాకు కూడు పెట్టేది డబ్బా కదా, దానికి తక్కువ చేస్తే ఎట్ల? దాని ముఖం యాడుండాదో వెతికినాను. సన్న సన్న సందులతో జాలీ ఒకటి కనపడింది. అదే ముఖం అనుకున్నాను. పసుపు మెత్తి, కుంకుమ పట్టించి, అమ్మవారికి పెట్టినట్టు కొత్త రవికగుడ్డ కప్పినాను. ఆ గుడ్డ మళ్ళీ తియ్యలేదు.

కొన్నాళ్ళకి కుప్పంలో లైట్లు గుడ్డివైనాయి. బ్యాటరీ ఎక్కలేదు. ఆ పైన కాలిన వాసన, పొగ. తెల్లారి మదనపల్లె పోయినాము. మిస్త్రీ మీటరు పెట్టి, “కరెంటు లోపలికి వస్తాండాది, బయటికి పోవడం లేదు” అన్నాడు. డబ్బా విప్పినాడు. లోపల చిన్న ఫ్యాను. దాని రెక్కలకి నా కుంకుమ గట్టిగా కరుచుకోని ఉండాది. గాలి ఆడక, వేడెక్కి లోపలంతా మాడిపోయింది.

“అమ్మా, దేవుడికైనా గాలి ఆడాల కదమ్మా” అన్నాడు మెల్లగా.

అంతలో మా తమ్ముడు ఫోను చేస్తే నా కొడుకు దిగినాడు. టీ అంగడి నిండా జనం. “సదువు రానిదని పాత సరుకు అంటగట్టినావా? మా అమ్మ కాలిపోయుంటే?” అని అరిసినాడు. నేను నోరు తెరిసినాను. మిస్త్రీ నా పక్క చూసి, ఆ ఫ్యానుని గుడ్డలో చుట్టేసినాడు. “తప్పు నాదేనప్పా. కొత్తది నేనే పెడతా” అన్నాడు.

సంతలో మొగోళ్ళని నోటితోనే తరిమినదాన్ని నేను. ఆ పొద్దు మూసుకున్నాను.

కొడుకు పోయినాక, “యాల చేసినావప్పా ఇట్ల? నేను చెప్పేస్తా” అన్నాను. “వద్దమ్మా. నాకు మిక్సీలుండాయి, మోటర్లుండాయి. నీకు వ్యాను ఒకటే ఉండాది” అన్నాడు. కొత్త డబ్బా బిగించి, దాని పైన చెక్కకి రేకుముక్క ఒకటి కొట్టినాడు. “బొట్టు దీనికి పెట్టుకో. దాన్ని గాలి పీల్చుకోనీ.”

ఆ మాట కుప్పం దాకా పాకింది. మిస్త్రీ పాత సరుకు పెడతాడంట అని బండ్లోళ్ళు ఆయప్ప అంగడి దాటుకోని పోతాండ్రి. నేను చూస్తాండాను. ప్రతి ఆయుధపూజకీ పూజలో పెట్టిన బొరుగులు తీసుకోని పోయి, ఈసారి నలుగురిలో చెప్పాల అనుకుంటాను. బొరుగులు ఇచ్చి వచ్చేస్తాను. మొన్న సోమవారం సాయంత్రం నేను ఫోనులో, “డబ్బా ఫ్యాను గరగరమంటాండాది” అంటే, “గురువారం రా అమ్మా, సూస్తా” అన్నాడు. ఈ గురువారం చెప్పేస్తా అనుకున్నాను. ఇట్ల ఎన్నిసార్లు అనుకున్నానో!

ఈడికి వచ్చేసరికి కోడలి కలం ఆగింది. “అత్తా, ఆయన చదువుతాడు” అనింది. రాయి అన్నాను. నా కొడుకు చదవనీ. వ్యాను అమ్మితే అమ్ముకోనీ. కాల్చింది నేను.

మిస్త్రీ రమ్మన్న గురువారమే, ఈ పొద్దు తెల్లారి, ఆయప్ప అంగడికి పోయినాను. షట్టరు వేసుండాది. టీ అంగడి దగ్గర నిలబడి, ఇప్పుడు మీకు చెప్పిందంతా ఆడుండే జనానికి గట్టిగా చెప్పినాను. టీ అంగడి కరెంటు తగిలించిన వ్యానులో డబ్బా ఫ్యాను గరగరమంటానే ఉండాది.

టీ కాసేటతను నా చేతికి వేడి టీ కప్పు, కింద సాసరు లేకుండా ఇచ్చినాడు.

“సాసరు లోపలుండాది అవ్వా” అన్నాడు షట్టరు పక్క చూసి. “మరలుండాయి దాంట్లో.”