మోటారు గుడారంలో తెల్ల చొక్కా

ఆ రోజుల్లో మొబైల్ ఫోన్లు ఇంకా మాలాంటివాళ్ల చేతుల్లోకి రాలేదు. నా చేతిలో ఎప్పుడూ ఉండేదల్లా మెగ్గర్. తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను (తెలిసినవాళ్లు దాటేసి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను). పెద్ద మోటారు లోపలి రాగి తీగలకు టేపు చుట్టి వార్నిష్ పట్టిస్తారు. కరెంటు దారి తప్పి ఇనుములోకి పోకుండా ఆపేది ఆ చుట్టే. దాన్నే ఇన్సులేషన్ అంటారు. అది పొడిగా ఉందో, తడిసి పాడైందో చూసే పెట్టె పేరు మెగ్గర్. పక్కనున్న హ్యాండిల్ తిప్పుతుంటే వేల వోల్టులు పుట్టి మోటారులోకి పోతాయి, పెట్టె మీద ముల్లు కదులుతుంది. ముల్లు పైకి లేస్తే మోటారు ఆరోగ్యంగా ఉన్నట్టు, కింద కూలబడితే చెమ్మ పట్టినట్టు. విశాఖపట్నం ఉప్పుగాలికి సగం మోటార్లకు ముల్లు కూలబడే ఉండేది. మా అందరికీ అన్నం పెట్టింది ఆ కూలబడ్డ ముల్లే.

మా షాపు ఆటోనగర్‌లో. ఓనరు మా నాన్నకు వరసకు తమ్ముడు. ఊరంతా ఆయన్ని మెగ్గర్ బాబాయి అనేవాళ్లు. పొద్దున్నే షాపు తెరవగానే దేవుడి పటానికి ఒక బొట్టు, మెగ్గర్‌కి ఒక బొట్టు పెట్టేవాడు. "మనుసులు అబద్ధమాడతారు గానీ, ఇది ఆడదురా" అని రోజూ నాకు చెప్పేవాడు. నాతోపాటు పనిచేసే ఇంకొకడు వంజరం బావ. వాళ్లది చేపలవేట కుటుంబం. తను మాత్రం కడలి మీద కక్కుతాడని కరెంటు పనిలోకి వచ్చాడు (ఈ మాట వాడి ముందు అనకండి). నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు, ఏ విషయమైనా నాకంటే నలభై ఏళ్లు ఎక్కువ తెలిసినట్టు మాట్లాడేవాడు.

ఒక వానాకాలం ముసురు పట్టి ఆకాశం వదలకుండా కారుతుంటే, పోర్టు వైపు ఒక కంపెనీ పంపుహౌసులోకి నీళ్లొచ్చి పెద్ద మోటారు మునిగిపోయింది. నీళ్లు తోడించి మమ్మల్ని పిలిచారు. అలాంటి మోటారును ఆరబెట్టే పద్ధతి ఒకటుంది. చుట్టూ టార్పాలిన్‌తో గుడారం కట్టి, లోపల పెద్ద పెద్ద బల్బులు వెలిగించి, ఆవిరి పోవడానికి గుడారం నెత్తిన ఒక కన్నం ఉంచాలి. మెగ్గర్ వైర్లు బయటికే ఉంటాయి కాబట్టి రీడింగు కోసం గుడారం విప్పనక్కర్లేదు. విప్పితే వేడి పోతుంది. "గుడారం ముట్టుకున్నోడి సెయ్యి ఇరిసీగల్ను" అని బాబాయి మొదటిరోజే హెచ్చరించాడు. ఆ కంపెనీ ఇంజనీరు ఒకాయన గంటకోసారి వచ్చి "ఎప్పుడు తిరుగుతుందయ్యా?" అని అడిగి వెళ్లేవాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు తొందర సార్.

తొందర ఆయనొక్కడికే కాదు, నాకూ ఉంది. ఆ గురువారం సాయంత్రం మల్కాపురంలో నాకు పెళ్లిచూపులు. మా అమ్మ మా ఊరు పద్మనాభం నుంచి బస్సులో నేరుగా అక్కడికే వస్తానంది. అమ్మాయి ఫొటో ఒకటి పంపారు. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు (రెండు పూటలా తింటూనే ఉన్నాననుకోండి, సయించకుండా తిన్నాను). ఈ సంబంధం తప్పిపోతే బతకలేననే నమ్మకం కూడా వచ్చేసింది. చిక్కల్లా నా ఒక్కగానొక్క మంచి చొక్కాతో. తెల్లది. ఉతికి గదిలో వేస్తే రెండురోజులైనా ఆరలేదు, పైగా ముక్కిపోయిన వాసన. ఊరంతా చెమ్మగా ఉన్న ఆ వారంలో నాకు తెలిసిన పొడిచోటు ఒక్కటే. దాని చుట్టూ టార్పాలిన్ ఉంది.

నా డ్యూటీలో ఎవరూ లేనప్పుడు అంచు ఎత్తి, చెయ్యి మాత్రం లోపలికి పెట్టి, మోటారు నెత్తిన ఉన్న ఇనుప కొక్కేనికి చొక్కా తగిలించాను. ఒక్క చొక్కాకి ఏమవుతుందిలే అనుకున్నాను.

రీడింగు లేవలేదు. మొదట్లో వేడికి చెమ్మ కదిలి ఇంకాస్త పడటం మామూలే. "పడనీరా, పడ్డాకే లేస్తాది" అన్నాడు బాబాయి. మర్నాడూ పడే ఉంది. ఆ మర్నాడు గురువారం. ముల్లు అక్కడే. తొందర సార్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఇది? ఇన్ని బల్బులు కాలుస్తున్నాం, కారణం ఏమిటి?"

"సముద్రం గాలి సార్. ఉప్పు" అన్నాడు వంజరం బావ, చాలా బాధగా.

"వార్నిష్ పాతది సార్" అన్నాను నేను.

"సూత్తన్నాను కదా బాబూ, లోపల్నుంచి రావాల. అది మన సేతిలో లేదు" అన్నాడు బాబాయి.

"గుడారం విప్పి చూడొచ్చు కదా" అని మాలో ఎవరూ అనకపోవడం, చివరికి తొందర సార్ కూడా అనకపోవడం ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం. పైగా ఆయనే, "వద్దులే, విప్పితే వేడి పోతుంది" అన్నాడు. ఎప్పుడూ లేనిది అంత నిదానం ఆయనకు ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు నాకు తట్టలేదు.

మధ్యాహ్నం పైపులు లోపలికి తేవాలని పంపుహౌసు షట్టర్ ఎత్తారు. సముద్రం వైపు నుంచి ఒక్క ఈదురుగాలి వచ్చింది. టార్పాలిన్ ఉబ్బింది. నలుగురం నాలుగు వైపులా పరుగెత్తి నాలుగు మూలలూ పట్టుకున్నాం. ఎంత ప్రాణం పెట్టి పట్టుకున్నామంటే, ఆ మోటారు మా సొంతం అనుకోవాలి ఎవరైనా. అయినా లాభం లేకపోయింది. తాళ్లు తెగి గుడారం మొత్తం ఎగిరి గోడకు కొట్టుకుంది.

అంత పెద్ద మోటారు నెత్తిన నా తెల్లచొక్కా చేతులు చాచి నిలబడి ఉంది. అవతలి వైపు బల్బుల తీగకు వరసగా ఉప్పు రాసిన చేపముక్కలు వేలాడుతున్నాయి. (పోర్టు దగ్గర చేపల వాసన ఎవరు పట్టించుకుంటారు?)

"ఏ ఎదవలురా ఈ పని సేసింది! నాను ఇన్నేల్లలో ఎప్పుడూ..." అని బాబాయి ఎత్తుకున్నాడో లేదో, మోటారు వెనకనుంచి పసుప్పచ్చ చీర ఒకటి గాలికి లేచి ఆయన మొహానికి చుట్టుకుంది. ఆయన దాన్ని విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది. విడిపించుకున్నాక గొంతు బాగా తగ్గింది. "మీ పిన్నిదిరా. రేపు పెల్లికెల్లాల. ఆరలేదంటే నన్ను ఇంట్లోకి రానియ్యదు."

తొందర సార్ మెల్లగా నడిచి వెళ్లి, మోటారు అడుగున ఆరేసిన ఒక జత సాక్సు తీసి జేబులో పెట్టుకున్నాడు. "పాదాలు తడిస్తే నాకు జలుబు చేస్తుంది" అని గోడతో చెప్పాడు.

టార్పాలిన్ నెత్తిన కన్నంలో గోనెసంచి కుక్కి ఉంది. బట్టల మీద పైకప్పు నీళ్లు కారకుండా ఎవరో పెట్టారు, దాంతో ఆవిరంతా లోపలే తిరిగింది. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. మెగ్గర్ పాపం నిజమే చెబుతూ వచ్చింది, మేమే దాని ముందు ఆవిరిపొయ్యి పెట్టాం.

సంచి తీసి గుడారం మళ్లీ కట్టాక ముల్లు లేవడం మొదలుపెట్టింది. గడియారం మాత్రం ఆగలేదు, నాలుగు కావస్తోంది. మోటారు పాస్ కావాలంటే చివరి పరీక్షలో పది నిమిషాలు ఆపకుండా, ఒకే వేగంతో హ్యాండిల్ తిప్పాలి. మొదటి నిమిషం రీడింగు పదో నిమిషానికి రెట్టింపైనా కావాలి. బాబాయికి భుజం పట్టేసింది. బావ చెయ్యి కబుర్లతోపాటు ఆగి ఆగి తిరుగుతుంది. "నువ్వే తిప్పీరా. అయిపోగానే బేగెల్లిపో. నీకు గానీ ఈ సమ్మందం తప్పితే మీ అమ్మ నన్ను ఒగ్గదు" అన్నాడు బాబాయి. చొక్కా వేసుకుని కూర్చుని తిప్పాను. చెయ్యి పీకేస్తోంది, ఫొటోలోని అమ్మాయి కళ్లముందు తిరుగుతోంది. ముల్లు రెట్టింపు దాటింది. స్టార్ట్ బటన్ నొక్కగానే మోటారు గుర్రుమని తిరిగింది. ఆ చప్పుడు వినపడేటప్పటికే నేను రోడ్డు మీద ఉన్నాను.

మల్కాపురంలో వాళ్ల ఇంటికి ఆలస్యంగా చేరాను. మా అమ్మ చూపు గురించి చెప్పను. అమ్మాయి కాఫీ తెచ్చింది. తలెత్తి చూడాలనుకున్నాను గానీ, కప్పు అందుకోగానే నా చెయ్యి వణకడం మొదలుపెట్టింది. సాసర్ మీద కప్పు టకటకలాడుతుంటే గదిలో అందరూ దానివైపే తిరిగారు. మూలన కూర్చున్న వాళ్ల మామ్మ ముందుకు వంగింది.

"ఓలమ్మ, గుంటడికి సెయ్యి వణుకుతాదేటే? ఆ సేపల వాసనేటి? కరెంటు పనన్నారు కదా!"

సంబంధం పోయిందని తెలిసిపోయింది. ఎలాగూ పోయింది కదా అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాన, గుడారం, చొక్కా, చేపలు, చీర, సాక్సు, అన్నీ. వాళ్ల నాన్న పైకప్పు చూస్తున్నాడు. మా అమ్మ నేల చూస్తోంది. అప్పుడు గుమ్మం పక్కనుంచి, నవ్వు ఆపుకుంటున్న గొంతుతో, అమ్మాయి అడిగింది.

"ఇంతకీ మోటారు తిరిగిందేటి?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఇంకెవరికీ తోచలేదు. "తిరిగిందండీ" అన్నాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పుడు మెగ్గర్‌కి హ్యాండిల్ లేదు, బటన్ నొక్కితే అంకెలు వాటంతటవే వస్తాయి. షాపు నాదైంది. బాబాయి లేడు, బొట్టు మాత్రం నేను పెడుతున్నాను. వానాకాలంలో ఎక్కడ మోటారు ఆరబెట్టినా, నేను వెళ్లగానే ముందు గుడారం అంచు ఎత్తి లోపలికి తొంగి చూస్తాను. పాముల కోసం చూస్తున్నానని మా కుర్రాళ్లు అనుకుంటారు. లోపల బల్బులు, మోటారు, అంతే. కన్నం కూడా శుభ్రంగా తెరిచే ఉంటుంది. ఇంటికి రాగానే మా ఆవిడ అడుగుతుంది, "ఏటైనా ఉన్నాదేటి?" అని. "ఏం లేదు" అంటాను. "ఒక్క సాక్సు జతైనా?" అంటుంది. తల అడ్డంగా ఊపుతాను. రీడింగు బ్రహ్మాండంగా వచ్చిన రోజున కూడా, ఇద్దరికీ కాస్త నిరాశగానే ఉంటుంది.