పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు

పోయినవాటి లెక్కతో మొదలుపెడతాను. నా చిన్నప్పుడు, నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, నర్సీపట్నంలో మా ఇంటి ముందు మా పెదనాన్న కారు కాలిపోయింది. కారు ఒకటి. లోపల టేపురికార్డరు ఒకటి, దానికి స్పీకర్లు నాలుగు. పాటల క్యాసెట్లు ఇరవై ఆరు, వాటిలో ఎనిమిది మా పెద్దమ్మ తమ్ముడివి. రావికమతంలో అతని పెళ్లిచూపులకి పట్టుకెళ్లాల్సిన మిఠాయి డబ్బాలు రెండు, జీడిపప్పు ఒక కిలో. మా పెద్దమ్మ చేతిసంచి, అందులో ఆవిడ కళ్లజోడు. నా ఎడమకాలి చెప్పు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఇవన్నీ మళ్లీ కొనుక్కోగలిగినవి, కొనుక్కున్నాం కూడా. మళ్లీ రానిది ఒకటుంది. పక్కింటి అక్క చేతిపని మీద ఊళ్లోవాళ్లకి ఉన్న నమ్మకం. నేను రాస్తున్నది దాని గురించే.

మా పెదనాన్న గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రెండు దొరికాయి. తాగేవాడు కాదు. మమ్మల్ని కొట్టేవాడు కాదు. మిగతాదంతా హారను.

అది ఆరు రాగాలు పలికే హారను. సెకండ్ హ్యాండులో కారు కొన్న వారానికే అనకాపల్లి వెళ్లి బిగించుకొచ్చాడు. మా వీధిలో అదే మొదటి కారు. వీధి మొదట్లో ఆవు కనిపిస్తే ఒక రాగం, ఎవరూ కనిపించకపోతే రెండు రాగాలు. ఆ హారనుకి వేరే తీగ లాగడం దండగని, టేపురికార్డరుకి వెళ్లే సన్నటి తీగకే దాన్ని కలిపించాడు. టేపురికార్డరు అయిదు ఆంపియర్లు లాగుతుంది, హారను ఎనిమిది. మొత్తం పదమూడు. ఆ తీగకి కాపలా ఉన్న ఫ్యూజు పది. కూడిక వచ్చిన ఎవరికైనా సంగతి అర్థమవుతుంది. మా పెదనాన్నకి కూడిక వచ్చు. కానీ పాట వినబడుతుండగా హారను కొట్టకపోతే కారు కొన్నట్టు ఆయనకి అనిపించేది కాదు.

అందుకని ఆ ఫ్యూజు పోతూ ఉండేది. ఆయన దృష్టిలో అది ఫ్యూజు చేసిన తప్పు. కొత్తది కొనేవాడు కాదు. సిగరెట్టు పెట్టెలో ఉండే వెండి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మాడిపోయిన ఫ్యూజు కాళ్లకి చుట్టి, మళ్లీ దాని చోట్లోనే గుచ్చేవాడు. దీన్ని 'డైరెక్టు చెయ్యడం' అనేవాడు. ఈ విద్య ప్రదర్శిస్తున్నప్పుడు చుట్టూ జనం ఉండాలి. ఉండేవారు కూడా. వీధి మొదట్లో కిరాణా కొట్టాయన ఆ కాగితాన్ని తానే చించి ఇచ్చేవాడు. "మెకానిక్కులకి కూడా రాదండి ఈ పని" అనేవాడు. నిజమే. బుద్ధున్న ఏ మెకానిక్కూ ఆ పని చెయ్యడు.

పక్కింటి అక్కకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. వాళ్ల నాన్నకి మోటార్ల రివైండింగు కొట్టు ఉండేది, ఇంటి ముందు గదిలోనే. గొలుగొండ, కోటవురట్ల వైపు రైతులు కాలిపోయిన పంపుసెట్ల మోటార్లు తెచ్చి ఆయన ముందు దింపేవారు. ఆయనకి రెండు కళ్లలోనూ పొర కమ్మి అప్పటికి మూడేళ్లు. తీగ కాదు కదా, మోటారే సరిగా కనబడేది కాదు. అయినా ఉదయం ఎనిమిదింటికల్లా స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని బల్ల ముందు కూర్చునేవాడు. కర్టెను వెనకాల కూర్చుని ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ రాగి తీగ చుట్టేది అక్క. పని ఆమెది, పేరు ఆయనది. రైతులకి ఈ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటం వాళ్లకి మర్యాద. ఆడపిల్ల చుట్టిన మోటారుతో చెరుకుతోట తడిపామని చెప్పుకోవడం నామర్దా.

పెళ్లిచూపులకి ముందురోజు పొద్దున్నే ఆ కాగితం వదులై ఊడిపోయి, పాట మళ్లీ ఆగిపోయింది. మా పెదనాన్న కాగితం కోసం బయల్దేరుతుంటే మా పెద్దమ్మ అడ్డుపడి, గోడ మీంచి అక్కని కేకేసింది. "ఓలమ్మా, నువ్వొకసారి సూసీవే. రేపు ఆడోళ్లం అయిదుగురం ఎక్కుతాం. ఈయన కాగితాలు నాకు బయ్యం."

అక్క కర్టెను వెనకనుంచి వీధిలోకి వచ్చి పనిచెయ్యడం నేను చూసింది అదే మొదటిసారి. చేతిలో ఒక చిన్న రేకు డబ్బా. జనం పోగయ్యారు.

"ఏటమ్మా, మీ నాయన రాలేదా?" అన్నాడు కొట్టాయన.

"నానే సేత్తానండి."

"ఫేను కాదమ్మా అది, కారు" అన్నాడు మా పెదనాన్న, అందరికేసీ చూసి నవ్వుతూ.

"ఫేనుకైనా కారుకైనా కరెంటొకటే మావయ్యా" అంది అక్క.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎందుకో తెలీదు. బహుశా అక్కడున్నవాళ్లలో నేర్చుకునే ఉద్దేశం నా ఒక్కదానికే కనిపించి ఉంటుంది. ముందు టేపురికార్డరు, లైట్లు, అన్నీ ఆపించింది. "తాళం తియ్యి. తీసి నీ సేతిలో ఎట్టుకో. బండిలో ఒగ్గీకు" అంది. స్టీరింగు కింద ఒక మూత ఊడదీసి, దాని వెనకాల ఏ గడిలో ఉన్నది దేని ఫ్యూజో బొమ్మ వేసి ఉండటం చూపించింది. బొమ్మ చూడకుండా చెయ్యి పెట్టకూడదంది. ఎర్ర ఫ్యూజుని తిన్నగా పైకి లాగి, కాళ్లకి వేలాడుతున్న కాగితం పీకేసి, ఎండకి ఎత్తి పట్టింది. లోపల వంతెనలా ఉండే సన్నటి రేకు మధ్యలో తెగి, నల్లటి మరక పడి ఉంది. డబ్బాలోంచి అలాంటిదే ఇంకోటి తీసింది. దాని నెత్తిన పది అని అంకె. నా చేత చదివించింది. పక్కనే ఇరవై అంకె ఉన్న పసుపుపచ్చది ఉంది. ఇది పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అన్నాను. "పది పోతే పదే" అంది. ఫ్యూజు పెట్టాక, టేపురికార్డరు పాడాక, మా పెదనాన్నతో చెప్పింది. "మావయ్యా, ఇది మళ్లీ పోతే ఇంకోటి ఎట్టకండి. లోడు ఎక్కువైపోనాది. హారనుకి బేటరీ కాణ్ణించి లావు తీగ ఏరేగా లాగి, దానికి ఏరే ఫ్యూజెట్టాల. ఒక్కపూట పని. అందాక హారను కొట్టకండి."

"అలాగేనమ్మా డాక్టరుగారూ" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఒక్కరికి కూడా ఆంపియరంటే ఏమిటో తెలీదు.

ఆ మధ్యాహ్నం అక్క నన్ను కొట్టు వెనక్కి తీసుకెళ్లి, పసుపుపచ్చది ఎందుకు కూడదో చూపించింది. ఒక పాత బ్యాటరీ, జానెడు సన్నటి తీగ, ఒక ఫ్యూజు. నన్ను మూడడుగుల దూరంలో నిలబెట్టి, పట్టకారుతో తీగ కొసని బ్యాటరీకి ఆనించింది. టప్‌మని ఫ్యూజు పోయింది. తీగని నా చేత ముట్టించింది. చల్లగా ఉంది. తర్వాత ఫ్యూజు తీసేసి ఆ చోట్లో వెండి కాగితం మడతపెట్టి మళ్లీ ఆనించింది. కాగితానికి ఏమీ కాలేదు. తీగ మీది తొడుగు మాత్రం బుడగలు బుడగలుగా పొంగి, పొగలు కక్కి, కరిగి కింద కారింది. పట్టకారు పక్కకి లాగేసి, "ముట్టుకుంటావేటి ఇప్పుడు?" అంది. ఇంకో మాట చెప్పలేదు. అక్కర్లేకపోయింది. తెగిపోవడమే ఫ్యూజు పని అనీ, దాన్ని తెగనివ్వకపోతే తెగేది ఇంకేదో అవుతుందనీ పదకొండేళ్లకే నాకు అర్థమైంది. ఇక నాకు తెలియదని చెప్పుకునే వీల్లేదు.

మర్నాడు పొద్దున్న మా పెదనాన్న పెట్రోలు కొట్టించడానికి బయల్దేరుతూ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. వీధి దాటకముందే, పాట వస్తుండగా హారను నొక్కాడు. పాట ఆగిపోయింది. కారు పక్కకి తీసి, జేబులోంచి వెండి కాగితం తీశాడు. మడతపెట్టి సిద్ధంగా తెచ్చుకున్నాడు. అంటే హారను నొక్కే ఉద్దేశం ఆయనకి ఇంట్లోనే ఉంది.

"అక్క వొద్దంది పెదనాన్నా" అన్నాను.

"మీ అక్క ఎట్టింది ఒక్క పూట ఆగినాది. నాది ఏడాది ఆగుద్ది. ముందు సీట్లో కూకుంటావా, ఎనక్కి పోతావా?"

ముందు సీట్లోనే కూర్చున్నాను. ఆ ఊరేగింపు ఇరవై నిమిషాలు సాగింది. హారను పదిహేడుసార్లు కొట్టాడు. లెక్కపెట్టడం అప్పటికే నాకు అలవాటు. మా క్లాసు పిల్ల ఒకతె ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర నన్ను చూసింది. నేను చెయ్యి ఊపాను. మా పెదనాన్నని ఇంత తీసిపారేస్తున్నాను కదా, ఆ ఇరవై నిమిషాలు నేను ఆయనకేమీ తీసిపోలేదు.

ఇంటికొచ్చాక ఆయన కారుని గుమ్మం ముందు ఆపి, పాట వస్తూండగానే, తాళం అందులోనే వదిలేసి లోపలికెళ్లాడు. నేను రిబ్బను కట్టించుకోవడానికి పరుగెత్తాను. ఎడమ చెప్పు కారులోనే జారిపోయింది. జడ సగం అల్లేసరికి వాసన వచ్చింది. నిన్న మధ్యాహ్నం వాసనే. స్టీరింగు కిందనుంచి పొగ, దాని వెంటే మంట. కరిగిన తీగ బండి ఇనుముకి తగిలి ఉంటుంది. తాళం తిప్పినా, బ్యాటరీ తీగ పీకినా ఆగేదే. బక్కెట్లు పట్టుకుని పరుగెత్తినవాళ్లు చాలామంది ఉన్నారు, అది తెలిసినవాళ్లు లేరు. అక్క గోడ దూకి వచ్చేసరికి ముందు సీట్లు అంటుకున్నాయి. ఆమె చెయ్యగలిగింది జనాన్ని దూరంగా తోసెయ్యడమే.

మంట చల్లారాక మా పెదనాన్న అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేశాడు. "నిన్న ఆ గుంట సెయ్యెట్టింది. ఇయ్యాల బండి బూడిదైపోనాది. ఆడదాని సేత పని సేయించినందుకు నాకు బుద్ధొచ్చింది."

ఆ మాట విన్నవాళ్లు పదకొండు మంది. కిరాణా కొట్టాయన, ఆయన భార్య. టైలరు. రిటైరైన మాస్టారు. పాలు పోసే ఆవిడ. ఎదురింటి అన్నదమ్ములు ముగ్గురు. మా పెద్దమ్మ, ఆవిడ తమ్ముడు. మా అమ్మ. ఆయన కాగితం విద్యని వాళ్లలో చూడని వాళ్లు లేరు. నోరు విప్పినవాళ్లూ లేరు.

అక్క కాలిపోయిన కారులోకి వంగి, కరిగి ముద్దయిన ఫ్యూజుల పెట్టెని స్క్రూడ్రైవరుతో గీకింది. వెండి కాగితం అక్కడ లేదు. నల్లటి గడ్డ తప్ప ఏమీ లేదు. లేచి నాకేసి తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు ముందు సీట్లో ఉన్నావు కదేటే. మళ్లీ ఆ కాగితం ఎట్టినాడా?"

మా పెదనాన్న నన్ను చూడనైనా చూడలేదు. ఆయనకి అంత నమ్మకం.

"లేదు" అన్నాను.

పదకొండు మందీ విన్నారు. నాకు తెలుసని అక్కకి తెలుసు. నేర్పింది ఆమే. అక్కడే, అందరి ముందూ, నిన్న ఈ పిల్లకి ఇది చూపించానని అనొచ్చు. నన్ను అబద్ధాలకోరుని చెయ్యొచ్చు. అనలేదు. "సరేలే" అని స్క్రూడ్రైవరు పమిటకి తుడుచుకుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా గొలుగొండ రైతు ఒకాయన సగం చుట్టిన మోటారుని అలాగే బండి మీద వేసుకుపోయాడు. కర్టెను వెనక పని ఎవరిదో అంతవరకూ తెలియనట్టు నటించినవాళ్లందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. నాలుగు నెలలకి కొట్టు మూసి, వాళ్లు తుని వెళ్లిపోయారు. మా పెదనాన్న రెండేళ్లకి వ్యాను కొన్నాడు. హారను ఎనిమిది రాగాలది. ఫ్యూజుల మూత తీసి చూశాను. లోపల వెండి కాగితం మెరుస్తోంది.

చాలా ఏళ్ల తర్వాత, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, తునిలో ఆమె కొట్టు వెతుక్కుంటూ వెళ్లాను. ఇప్పుడు కర్టెను లేదు. ముందు బల్ల దగ్గర తనే కూర్చుంది. "ఓలమ్మ, ఆ గుంటవేనా నువ్వు!" అని నవ్వింది. నేను తల వంచుకుని అంతా చెప్పాను. మధ్యలోనే ఆపేసింది. "నాకెందుకు సెప్తావు? నాకు తెలిసిందే కదా. తెలవనోళ్లకి సెప్పు" అని, అప్పుడే వచ్చిన బేరంతో మాటల్లో పడిపోయింది. క్షమించానని అనలేదు. నేను మర్యాదకైనా అడగలేదు.

అప్పటినుంచి ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి చెబుతున్నాను. కిరాణా కొట్టాయన, "అప్పుడే అనుకున్నానమ్మా, ఆ కాగితం నా కొట్టుదే కదా" అన్నాడు, అదేదో తన తెలివైనట్టు. ఆయన భార్య టీవీ మీంచి చూపు తిప్పలేదు. టైలరు "పోనీలెండి" అన్నాడు, ఏదో పోయింది తనదైనట్టు. అన్నదమ్ముల్లో పెద్దవాడికి కారు గుర్తుంది, అక్క గుర్తులేదు. మిగతా ఇద్దరూ పెద్దన్న ఏమంటే అదే అన్నారు. మా పెద్దమ్మ మాత్రం, "నాకూ తెలుసే. ఇంట్లో మగోడు కదా" అంది. అందరికీ తెలుసు. తెలియనోళ్లకి చెప్పమంది అక్క. తెలియనివాళ్లు ఒక్కరూ దొరకలేదు.

అయినా చెబుతాను. ఆ రోజు వాళ్లు విన్నది నా నోటి మాట. దాన్ని వెనక్కి తీసుకోవాల్సింది కూడా నా నోటితోనే. ఈరోజుకీ కారులో ఏది ఆగిపోయినా ముందు తాళం తీసి నా చేతిలో పెట్టుకుంటాను. పది పోతే పదే పెడతాను. రెండోసారి పోతే, తప్పు ఎక్కడుందో తెలిసేవరకూ బండి కదలనివ్వను. 'డైరెక్టు చేసేశానండి, ఇంక పోదు' అనే మెకానిక్కుకి మళ్లీ నా బండి ఇవ్వను. ఇవన్నీ తేలిక పనులు.

పదకొండు మందిలో ఏడుగురికి చెప్పాను. మాస్టారూ, పాలు పోసే ఆవిడా నేను వెళ్లేలోపే చనిపోయారు. చనిపోయారు కదా అని వాళ్లని కొట్టెయ్యలేదు. మా పెద్దమ్మ తమ్ముడు ఊరు వదిలి ఎటో వెళ్లాడు, జాడ తెలియలేదు. ఇక మా అమ్మ. ఒకే ఇంట్లో ఉంటాం. మొన్న కూడా నా పిల్లలకి పక్కింటి పిల్ల పెదనాన్నగారి కారు తగలబెట్టేసిన కథ చెబుతోంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్నాను. ఏమీ అనలేదు.

ఇంకా నలుగురు.