జాతికుక్క తుంటి

పత్తికొండ వైపు గొర్రెల మంద కాచుకునే పెద్దాయన పోయిన మంగళవారం కన్నుమూశారని ఆయన కోడలు నేను డాక్టరుగా ఉన్న పశువుల ఆసుపత్రికి వచ్చి చెప్పింది. ఆయన బతికుండగా ఒప్పుకోలేకపోయిన తప్పును చదువరుల ముందు ఒప్పుకుంటున్నాను.

ఆడకుక్క ఎదకు వస్తే ఆయన తన మగకుక్కలను కట్టేసి, రెండు రోజులు నడిచి వేరే మంద నుంచి మగదాన్ని తెచ్చేవారు. "ఒగే ఇంటి రగతం కలిస్తే కుక్క మందకు పనికిరాదప్పా" అనేవారు. నాటుకుక్కల్లో లోపాలు ఉండవని కాదు. ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి ఒక పిల్లలో కలవకుండా ఆయన చూసుకునేవారు.

ఎనిమిదేళ్ల కిందట, కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఒక అధికారి దగ్గర నుంచి అల్సేషియన్ మగకుక్కనూ దాని కూతురినీ తెచ్చుకున్నాను. జాతి చెడకూడదని ఆ రెంటినే జతకట్టించాను. తోడేలు తన కుక్కను చంపిందని పెద్దాయన వస్తే, ఒక పిల్లను ఇవ్వబోయాను.

"దీని తల్లి యాడిది సామీ?"

"ఈ మగదాని కూతురే."

"అట్లయితే వద్దులే."

"నీ ఊరకుక్కలూ ఇదీ ఒకటేనా?"

ఆయన నవ్వారు. "నిజమేలే, మా కుక్కలు సదువుకోలేదు గదా!" అని, నా మాట తీసేయలేక దాన్ని కంబళిలో చుట్టుకుని వెళ్లారు.

ఏడాది తిరగకముందే అది ఆయన వెంట వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతూ వచ్చింది. పదిమంది ముందు, "తిండి పెట్టక పాడుచేశావు" అన్నాను.

"మనవళ్లకంటే ముందు దానికే పాలు పోసినా సామీ" అన్నారు, తల దించుకుని.

ఆ వానాకాలం తోడేలు మందలో పడింది. కుక్క మొరిగింది, పరుగెత్తలేకపోయింది. ఈ సంగతి ఇతరులు చెబితే తెలిసింది.

తర్వాత నా ఇంట్లోనే పాలు, ఎముకలు తిని పెరిగిన దాని తోబుట్టువు అలాగే కుంటింది. అది చనిపోయాక కోసి చూశాను. తుంటి గిన్నెకు లోతు లేదు; తొడ ఎముక తల అందులో నిలవడం లేదు. లోపం తిండిలో లేదు, నేను కట్టించిన జతలో ఉంది. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు వచ్చినా గొర్రెల జబ్బుల గురించే మాట్లాడాను.

నిన్న వాళ్ల గుడిసెకు వెళ్లి, తప్పు నాదని కోడలితో చెప్పాను.

"మా మామకు తెలుసు సార్. మీరు సిన్నబోతారని గమ్మునుండె" అంది.

ఖాళీ మంచం పక్క నుంచి నేనిచ్చిన ఆ కుక్క లేవబోయింది. ముందు కాళ్లు లేచాయి. వెనకవి రెండుసార్లు జారాయి. మూడోసారి ఎలాగో లేచి, తోక ఊపుతూ వచ్చి నా చేయి నాకింది.