దొర కాదు, జీతగాడు

1945 ఎండాకాలంలో మా టూరింగ్ టాకీసు సిద్దిపేటలో డేరా వేసింది. నా పని తెర పక్కన నిలబడి కథ చెప్పడం. ఇంగ్లీషు బొమ్మ వస్తే మాటలు ఎవరికీ తెలియవు కాబట్టి అలాంటి మనిషి కావాలి. బొమ్మ ఆడించే మిషను ఒక్కటే. ఒక రీలు తీసి ఇంకోటి ఎక్కించేదాకా జనాన్ని కూర్చోబెట్టడమూ నా పనే. నాకూ ఇంగ్లీషు రాదు. అప్పటికి తెలుగు అక్షరాలే రావు. బొమ్మను ఒకసారి చూసి, తోచిన కథ కట్టేవాణ్ని.

ఆసారి అమెరికా బొమ్మ. పెద్ద టోపీ, గుర్రం, నడుముకు తుపాకీ, ముందు పశువుల మంద. మా దిక్కు గుర్రమూ తుపాకీ ఉన్నవాడు దొరే. అందుకని వీడు అమెరికా దొర, తన పశువులను దొంగల నుంచి కాపాడుకుంటున్నాడు అని చెప్పాను. వచ్చినవాళ్లంతా పశువులు కాసేవాళ్లు, వ్యవసాయ కూలీలు. ఒక్కడూ ఈల వేయలేదు. ఆఖరి రీలుకు సగం డేరా ఖాళీ.

"రేపు గూడ గిట్లనే ఉంటే నువ్వు రాయపోల్ తొవ్వ పట్టు" అన్నాడు టాకీసు యజమాని, మా సేటు. అది మా ఊరు. అక్కడ నాకు గుంటెడు భూమి కూడా లేదు.

పొద్దున డేరా తాళ్లు బిగిస్తుంటే మల్లయ్య అనే పశువుల కాపరి వచ్చాడు. రాత్రి ముందు వరుసలో కూర్చున్న మనిషి.

"ఏమయ్యా కథలాయినా, కండ్లు కనవడయా నీకు? దొర ఎన్నడన్న పశువుల ఎనుక దుమ్ము తిన్నడా? గాయిన మూతికి రుమాలు కట్టుకున్నడు. మేం గూడ గట్లనే కడ్తం. బువ్వకు పళ్లెం పట్టుకొని వరుసల నిలవడ్డడు. గాయిన జీతగాడు."

మరి గుర్రం సంగతేమిటని అడిగాను.

"గుర్రం గూడ దొరదే. గింత తెల్వదా?"

ఆ సాయంత్రం కథ మార్చాను. మంద దొరది, గుర్రం దొరది, టోపీ ఒక్కటే వీడిది అన్నాను. డేరా అంతా నవ్వింది. దొంగలు పడినప్పుడు ఈలలతో నా గొంతు వినబడలేదు. రీలు మార్చేటప్పుడు ఎవరూ లేవలేదు. మూడు రోజులకని వేసిన బొమ్మ తొమ్మిది రోజులు ఆడింది.

"నిన్న దొర, ఇయ్యాల జీతగాడా? బొమ్మ గదేనా?" అని కథ మార్చిన రాత్రే సేటు అడిగాడు. అదే బొమ్మ అన్నాను. ఆయన ఇక రాయపోల్ మాట ఎత్తలేదు.

నలభై దాటాక చదువు నేర్చుకున్నాను. అమెరికావాళ్లు కూడా ఆ గుర్రపు మనుషులను మహావీరులని చెప్పుకుంటారని అప్పుడు చదివాను. నిజానికి వాళ్లు పరాయి మందలు తోలిన కూలీలు. వాళ్లలో నల్లవాళ్లు చాలామందట. వాళ్లు కూలీలని మల్లయ్య ఏదీ చదవకుండానే చెప్పాడు.

ఆ తర్వాత ఏ బొమ్మ వచ్చినా, తెర మీద కనబడే పని తెలిసినవాణ్ని ఒకణ్ని ముందుగా కూర్చోబెట్టి చూపించాకే కథ కట్టాను. టికెట్ లేకుండా చూపిస్తున్నావని సేటు గొణిగేవాడు. నేను మానలేదు.