కొమురమ్మ జాగ

మా అమ్మ కొమురమ్మకు ధూల్‌పేట్‌లో సొంత జాగ ఉండేది. మా పెరట్లో జామచెట్టుకూ పక్కింటి గోడకూ నడుమ, పొద్దున కాసేపు ఎండ తగిలి, తర్వాత నీడపట్టున ఉండే చోటు. ఒక మంచం వేస్తే నిండిపోతుంది. దాన్ని ఆమె ఎట్లా గెలుచుకుందో చెబుతాను. నడుమ కొంచెం గొప్పలు పోతాను, ఓర్చుకోండి.

మాది పాల వ్యాపారం. డెబ్బైల మొదట్లో మా బాపు నర్సింహ ఇంకో బర్రెను కొందామనుకున్నాడు. బర్రెకు నీడ కావాలి. పెరట్లో నీడ అక్కడొక్కటే. అమ్మకేమో అక్కడ కనకాంబరాలు పెంచాలని ఆశ. పెళ్లయి వచ్చినప్పటి నుంచి బోనానికి పూలు కొనడమే తప్ప ఇంట్లో పూసినవి కట్టింది లేదని ఆమె బాధ. ఇంట్లో రోజూ లొల్లే. చివరికి బాపు ఒక మాటకొచ్చాడు. వచ్చే బోనాల నాటికి కుండ చుట్టూ తిరిగేంత దండ ఆ చెట్ల నుంచి వస్తే జాగ ఆమెది, రాకుంటే బర్రెది.

మా ఆండాలత్త ఇంటి నుంచి మొక్కలు తెచ్చి అమ్మ నాటింది. బతికాయి, పూశాయి, పూలు రాలిన కంకులు కాయలతో ఎండాయి. అప్పుడు అమ్మ పాలోళ్ల ఇంట్లోనే జరిగే తప్పు చేసింది. పేడకు కొదవ లేదు కదా, ఇంకా ఏపుగా పెరగనీ అని పచ్చి పేడను తట్టలకొద్దీ మొదళ్లకు పెట్టింది. చుట్టాలకు కొసరి కొసరి వడ్డించినట్టు వడ్డించింది. ఆ వేడికి వేళ్లు మాడి చెట్లన్నీ చచ్చాయి.

బాపు బర్రెను కట్టడానికి ఒక గుంజ తెచ్చి గోడకు ఆనించాడు, అంతే. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. అమ్మ మాత్రం ఎండిన చెట్లను పీకనియ్యలేదు. పీకితే ఓడినట్టేనని ఆమె పంతం. వాకిట్లో కల్లాపి చల్లగా మిగిలిన నీళ్లు తెచ్చి వాటి మీద కుమ్మరించేది. చలికాలంలో ఒక పొద్దున ఆ తడికి ఎండు కాయలు చిటపటమని పగిలాయి. గింజలు ఎగిరి గోడ వారన, జామచెట్టు మొదట్లో, నా పాదాల మీద పడ్డాయి. కొన్నాళ్లకు అక్కడంతా మొలకలే.

ఈసారి పచ్చి పేడ జోలికి పోలేదు. పెంటకుప్ప అడుగున మట్టిలా మారిన పాత ఎరువు మాత్రం కొద్దికొద్దిగా వేసింది. ఎండలు ముదిరినా జామ నీడలో ఒక్క మొక్కా వాడలేదు. వానలు మొదలయ్యేసరికి ఆ మూలంతా నారింజ రంగు.

బోనాల నాడు అమ్మ ప్రతి పువ్వూ కోసింది. జడలోకి ఒక్కటి ఇమ్మన్నా నాకు ఇవ్వలేదు. వాసన లేని పువ్వు అమ్మవారికెందుకని మా గల్లీలో పెద్దావిడ నాగమణమ్మ అడిగితే అమ్మ దండ కడుతూనే జవాబు చెప్పింది. "వాసన లేకుంటే ఏంది పెద్దమ్మా? చచ్చి బతికిన పువ్వులు. తల్లికి ఎరికే."

పసుపు పూసిన కుండ చుట్టూ దండ తిప్పుతుంటే బాపు గుమ్మంలో నిలబడి చూశాడు. కొసలు కలిశాయి. కలిసి, ఇంకా జానెడు మిగిలింది. ఆ మిగిలింది తుంచి అమ్మ నా జడలో పెట్టింది. ఆ నాడు బోనమెత్తుకుని నడిచిన అమ్మ కంటే అందమైన మనిషిని నేను ఇప్పటిదాకా చూడలేదు.

తర్వాత బర్రె వచ్చింది. బాపు ఆ గుంజను వాకిట్లో ఎండలో పాతి, పైన తడికల పందిరి వేయడం మొదలుపెట్టాడు. జామ నీడ ఉండగా ఈ తిప్పలెందుకని పక్కింటి వెంకటనారాయణ అడిగాడు.

"అది కొమురమ్మ జాగ, అన్నా," అన్నాడు బాపు. "నన్నడిగితే ఏం లాభం?"

లోపల గిన్నెలు తోముతున్న అమ్మ చెయ్యి ఆగింది. నేనైతే ఆ మాటను గల్లీలో ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పి వచ్చాను.